పాత ఇంజిన్‌కి కొత్త బ్లాకు పోస్తారట

ఈ ఆదివారం ఓటీ లేదు. బట్టలు ఉతికేశాం, వంట కూడా అయిపోయింది. కాబట్టి కాస్త పెద్ద పోస్టు. ఓపిక ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి, లేనివాళ్లు లైకు కొట్టి వెళ్లిపోయినా మేమేమీ అనుకోం.

కొత్తగా చేరిన ఫ్రెండ్స్‌కి మా గురించి ఒక్క మాట. మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా. సింగపూర్‌లో ఒకే డార్మిటరీలో మా వైపు వాళ్లం తొమ్మిది మందిమి. ఇద్దరు రిగ్గర్లు, ముగ్గురు వెల్డర్లు, మిగతా నలుగురం కాంక్రీటు పనిలో. సూపర్‌వైజర్ అయ్యాక హెల్మెట్ రంగు మారింది గానీ చదువు అందరిదీ పదో తరగతి దగ్గరే ఆగింది. ఏది తెలుసుకున్నా పనిలో చూసి, అడిగి తెలుసుకున్నదే.

ఈసారి విషయం ఇంజిన్. నవ్వకండి, ఇది మా పనికి బాగా దగ్గర విషయం.

మా సైటుకి క్రేన్ లారీ తెచ్చే చైనీస్ అంకుల్ ఒకాయన ఉన్నాడు. డెబ్బై దగ్గర వయసు. వాళ్ల నాన్న బుకిట్ తిమా రోడ్డులో ఉన్న ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేశాడట. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడే దాకా అక్కడే ఉన్నాడట. ఒకరోజు టీ టైములో అంకుల్ ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఒక ఫౌండ్రీ. ఎర్రగా కరిగిన ఇనుము ఇసుక అచ్చులోకి పోస్తున్నారు. చల్లారాక ఇసుక దులిపితే లోపల నుంచి ఒక వి8 ఇంజిన్ బ్లాకు బయటికొచ్చింది. ఎప్పుడో ఆగిపోయిన పాత ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ ఇంజిన్‌కి ఇప్పుడు కొత్తగా పోసిన బ్లాకు అది.

మేము అడిగిన మొదటి ప్రశ్న, "ఎందుకు? కొత్త ఇంజిన్లు లేవా?" అని. అంకుల్ నవ్వి, "కొత్తవి చాలా ఉన్నాయి, పాతదే లేదు" అన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు మేము రాత్రిపూట సినిమాలు మానేసి ఇదే చూశాం. తెలుసుకున్నది రాస్తున్నాం.

ముందు ఫ్లాట్‌హెడ్ అంటే ఏమిటో చెబుతాం. ఇప్పటి ఇంజిన్లలో వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి. పాతకాలం ఇంజిన్లలో వాల్వులు కింద బ్లాకులోనే, సిలిండర్ పక్కన ఉండేవి. అప్పుడు హెడ్ అంటే పైన మూత లాంటి పలక, అంతే. బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఫ్లాట్‌హెడ్ అన్నారు. మన మెకానిక్కులు సైడ్ వాల్వ్ ఇంజిన్ అంటారు.

ఫోర్డ్ కంపెనీ 1932లో వి8 ఫ్లాట్‌హెడ్ తెచ్చింది. 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. అంతకుముందు ఎనిమిది సిలిండర్ల వి ఇంజిన్ అంటే డబ్బున్నవాళ్ల కార్లకే. ఎందుకంటే సిలిండర్లు విడిగా పోసి, కింద క్రాంక్‌కేసు విడిగా పోసి, బోల్టులతో బిగించేవాళ్లు. ఖర్చు ఎక్కువ. హెన్రీ ఫోర్డ్ మొత్తం ఒకే ముక్కగా పోయించాడు. మొదట్లో చాలా బ్లాకులు పాడై మళ్లీ కొలిమికే పోయాయట. పట్టు వదల్లేదు. దాంతో మామూలు మనిషి కొనే కారులో వి8 వచ్చింది. అమెరికాలో 1953 దాకా అదే నడిచింది.

యుద్ధం అయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్లు ఈ పాత ఫోర్డులు చవకగా కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజిన్ బోరు పెంచి, ఎండిపోయిన చెరువుల్లో పందేలు పెట్టేవాళ్లు. వాటినే హాట్ రాడ్లు అన్నారు. మన దగ్గర కుర్రాళ్లు బుల్లెట్ సైలెన్సర్ మార్చినట్టే, కాకపోతే ఇంకా లోతుగా. ఆ పిచ్చి ఇప్పటికీ పోలేదు. కానీ ఇంజిన్ ఆగిపోయి 70 ఏళ్లు దాటింది. బ్లాకులు తుప్పు పట్టాయి, పగిలాయి. ఆ ఇంజిన్‌లో పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. కాలిన పొగ బయటికి పోవాలంటే బ్లాకు మధ్యలోంచి, నీళ్లు తిరిగే దారి పక్కనుంచే పోవాలి. ఆ వేడంతా నీళ్లకి ఎక్కుతుంది. వాల్వు కూర్చునే చోటికీ సిలిండర్‌కీ మధ్య గోడ పలచన. అక్కడే పగులు వస్తుంది. కాబట్టి మంచి బ్లాకు దొరకడమే కష్టం. అందుకే కొత్తగా పోస్తున్నారు.

ఇక మా పని దగ్గరికి వద్దాం. మా సైటులో కాస్టింగ్ అంటే కాంక్రీటు పోయడం. ఇనుము పోయడం చూశాక మాకు అనిపించింది, ఇది మన పనే, వేడి ఒక్కటే తేడా అని. మా కాంక్రీటు మామూలు వేడిలో పోస్తాం, వాళ్ల ఇనుము దగ్గర దగ్గర 1400 డిగ్రీలు. మిగతాదంతా ఒకటే లెక్క.

మేము షట్టరింగ్ కడతాం, వాళ్లు ఇసుకతో అచ్చు కడతారు. గోడలో పైపుకి ఖాళీ కావాలంటే మేము థర్మాకోల్ ముక్కో, స్లీవో పెట్టి పోస్తాం. ఇంజిన్‌లో నీళ్లు తిరిగే ఖాళీ కావాలంటే వాళ్లు ఇసుకతో ఆ ఖాళీ ఆకారం చేసి అచ్చులో పెడతారు. దాన్ని కోర్ అంటారు. ఇనుము చుట్టూ నిండుతుంది, చల్లారాక ఇసుక దులిపేస్తారు, ఖాళీ మిగులుతుంది. ఆదిలాబాద్ జిల్లా ఓజాలు డోక్రా బొమ్మ చేసేదీ ఇదే తెలివి. లోపల మట్టి, దాని మీద మైనం, పైన మళ్లీ మట్టి. మైనం కరిగి పోయిన చోట ఇత్తడి నిండుతుంది. మా జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పని చేసేవాళ్లకి ఈ మాటలు కొత్తగా చెప్పక్కర్లేదు.

మాకు కవర్ బ్లాకు జరిగితే కడ్డీ ఒక పక్కకి వచ్చేస్తుంది, అక్కడ కవర్ తగ్గుతుంది, పదేళ్లకి తుప్పు. వాళ్లకి కోర్ జరిగితే సిలిండర్ గోడ ఒక పక్క మందం, ఒక పక్క పలచన. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు. బోరు చేశాక పలచన పక్క పగులుతుంది. అందుకే సౌండ్ పంపి మందం కొలిచే మీటరుతో గోడ చుట్టూ చూస్తారు. మా కాంక్రీటులో గాలి ఉండిపోతే తేనెపట్టులా వస్తుంది, చెక్కి గ్రౌట్ వేస్తాం. ఇనుములో గ్యాస్ ఉండిపోతే బుడగ. చెక్కి పూయడానికి లేదు, మళ్లీ కొలిమికే.

ఇంకో విషయం మాకు బాగా నచ్చింది. కాంక్రీటుకి మేము 28 రోజులు లెక్క పెడతాం, క్యూబు నలిపి చూస్తాం. పోసిన ఇనుములో కూడా చల్లారేటప్పుడు లోపల బిగువు ఉండిపోతుందట. పాత ఫౌండ్రీల్లో బ్లాకుల్ని ఆరుబయట నెలల తరబడి ఎండకీ వానకీ వదిలేసేవాళ్లు, ఆ బిగువు వదలాలని. ఇప్పుడు ఫర్నేసులో మెల్లగా వేడి చేసి మెల్లగా చల్లారుస్తారు. ఎండలో ఆరినా ఫర్నేసులో ఆరినా తొందరపడితే తర్వాత వంకరపోతుంది.

కొత్త బ్లాకులు పోసేవాళ్లు పాతదాన్ని కంప్యూటర్‌తో కొలిచి, పలచగా ఉన్న చోట మందం పెంచి పోస్తున్నారు. అంటే నకలు అంటున్నాం గానీ అచ్చంగా నకలు కాదు. బయటికి పాతదే, పాత హెడ్డు, పాత గాస్కెట్ సరిపోతాయి. లోపల మాత్రం పాతది ఎక్కడ పగిలిందో తెలుసుకుని పోసిన గోడ. ఇది చదివినప్పుడు మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. తండ్రి ఎక్కడ దెబ్బతిన్నాడో చూసి కొడుకుని పెంచినట్టు అని మాలో ఒకడు అన్నాడు. వాడు ఊళ్లో కొడుకుని పాలిటెక్నిక్‌లో చేర్చాడు లెండి.

మొన్న మేడే సెలవుకి నలుగురం కలిసి ఆ ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసొచ్చాం. హిల్‌వ్యూ స్టేషన్‌లో దిగి నడిచాం. 1941 అక్టోబరులో కట్టడం పూర్తయింది. ఆగ్నేయాసియాలో ఫోర్డ్ వాళ్ల మొదటి అసెంబ్లీ ఫ్యాక్టరీ అది. కెనడా ఫోర్డ్ నుంచి చెక్కపెట్టెల్లో విడిభాగాలు వచ్చేవి, ఇక్కడ బిగించి కారు చేసేవాళ్లు. కట్టిన నాలుగు నెలలకే, 1942 ఫిబ్రవరి 15న, అదే బిల్డింగులో బ్రిటిష్ జనరల్ పెర్సివల్ జపాన్ జనరల్ యమషితకి లొంగిపోయి సంతకం పెట్టాడు. ఆ గది ఇప్పటికీ ఉంచారు. కానీ గదిలో ఉన్న బల్ల నకలు. అసలు బల్ల ఆస్ట్రేలియాలో వార్ మెమోరియల్‌లో ఉంది. బిల్డింగు కూడా ముందు భాగమే మిగిలింది, వెనక షెడ్లు పడగొట్టేశారు. 2006లో జాతీయ కట్టడంగా ప్రకటించారు.

మాకు ఇంకో లెక్క కూడా తట్టింది. సింగపూర్ పడిపోయిన 50 రోజులకి, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధమే మా ఊరికి ఒక జీపు తెచ్చింది. అసలు ఈ పోస్టు ఆ జీపు కోసమే.

మా ఊళ్లో మెకానిక్ మావ అని ఉన్నాడు. వయసు 66. మేము తొమ్మిది మందిలో ఆరుగురం ఆయన షెడ్డులోనే మొదటిసారి స్పానర్ పట్టుకున్నాం. పది అయ్యాక ఏం చేయాలో తెలియని రోజుల్లో, "ఖాళీగా తిరిగేకంటే వచ్చి నట్టు తిప్పండ్రా" అని పిలిచి టీ పోసి పని నేర్పాడు. ఏ సైజు బోల్టుకి ఏ స్పానరో కళ్లతో చెప్పడం అక్కడే నేర్చుకున్నాం. ఆ నేర్పుతోనే రిగ్గరు పని, వెల్డరు పని పట్టుకుని ఇక్కడిదాకా వచ్చాం.

మావ దగ్గర విల్లీస్ జీపు ఉంది. యుద్ధం అయ్యాక మిలటరీ డిస్పోజల్‌లో వాళ్ల నాన్న కొన్నది. ఇంజిన్ ఎల్-134. అది కూడా ఫ్లాట్‌హెడ్డే, నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్. చుట్టుపక్కల జీపులన్నిటికీ డీజిల్ ఇంజిన్లు ఎక్కించేశారు. మావ మాత్రం ఎక్కించలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొబ్బరి చెట్లు, జీడిచెట్లు రోడ్డు మీద కుప్పలు కుప్పలుగా పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మేము ఇక్కడ ఇంటికి కాల్ కలవక పిచ్చోళ్లమైపోయాం. ఆ నాలుగు రోజులు ఆ జీపే చెట్లని గొలుసు కట్టి పక్కకి లాగింది, మంచినీళ్ల డబ్బాలు మోసింది. మా అమ్మానాన్నలకి నీళ్లు ఇచ్చిన బండి అది.

రెండేళ్ల కింద బ్లాకు పగిలింది. మూడో సిలిండర్ పక్కన, వాల్వు సీటు నుంచి. ఫోర్డ్‌లో ఎక్కడ పగులుతుందో ఇందులోనూ అక్కడే. అప్పటినుంచి జీపు షెడ్డులో గోనె కప్పుకుని ఉంది.

అదే ఏడు మావకి కిడ్నీలు చెడ్డాయి. ఉద్దానం అంటే తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొకరు. ఎన్నో ఏళ్లుగా డాక్టర్లు పరీక్షలు చేస్తున్నా కారణం ఇదీ అని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది కాబట్టి ఇప్పుడు విశాఖ దాకా పోనక్కర్లేదు. మావ వారానికి రెండుసార్లు ఆటోలో వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు.

ఫ్యాక్టరీ చూసొచ్చిన రాత్రి మావకి వీడియో కాల్ చేశాం. కొత్త బ్లాకులు పోస్తున్న వీడియో పంపించాం. చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "కోర్ ఏటితో సేత్తన్నార్రా?" మనిషి నీరసంగా ఉన్నా అడిగింది అదే.

మా ఆలోచన చెప్పాం. తొమ్మిది మందిమి తలా కొంత వేసుకుని ఆయన జీపుకి కూడా ఒక బ్లాకు పోయిద్దామని. మావ ఫోన్‌లోనే లెక్క చెప్పాడు. బ్లాకు ఒక్కటి పోయాలన్నా ప్యాటర్న్ చేయాలి, కోర్ పెట్టెలు చేయాలి. ఖర్చంతా అందులోనే ఉంటుంది, ఇనుములో కాదు. అమెరికాలో వేలమంది కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ ఖర్చు పంచుకుంటున్నారు. అయినా ఒక్కో బ్లాకు వేల డాలర్లు. "ఒక్క స్తంభం పొయ్యడానికి మీరు స్టీలు షట్టరింగ్ సేయిత్తారేట్రా?" అన్నాడు. చేయించం. పది అంతస్తుల్లో వంద స్తంభాలు ఉంటేనే స్టీలు ఫారం గిట్టుబాటు. ఇప్పుడు ఇసుక అచ్చునే మెషీన్‌తో పొర పొరగా ప్రింటు చేసే పద్ధతి వచ్చింది, ప్యాటర్న్ అక్కర్లేదు. ఒకటి రెండు ముక్కలకి అదే దారి. కానీ దానికీ పాత బ్లాకుని పూర్తిగా కొలిచి బొమ్మ గీయాలి, పోశాక మెషీనింగ్ చేయాలి. మా జేబుకి అందే పని కాదు.

ఇంకో చిక్కు నంబరుది. బ్లాకు మీద చెక్కిన నంబరే ఆర్‌సీ పుస్తకంలో ఉంటుంది. ఇంజిన్ మారితే ఆర్టీఓ దగ్గర రాయించుకోవాలి. బండి అదే, రంగు అదే, నడిపేవాడు అదే, కానీ కాగితం మీద గుండె మారినట్టు. సింగపూర్‌లోనూ అంతే. ఇక్కడ కారుకి సర్టిఫికెట్ పదేళ్లకే, తర్వాత మళ్లీ డబ్బు కట్టాలి, లేదా రిజిస్ట్రేషన్ తీసేయాలి. 35 ఏళ్లు దాటినవాటికి క్లాసిక్ స్కీము ఉంది, ఏడాదికి 45 రోజులు మాత్రం రోడ్డెక్కొచ్చు. అంకుల్ ఈ మాట చెప్పినప్పుడు మేము నవ్వాం. మాకు ఊరెళ్లడానికి ఏడాదికి అన్ని రోజులు సెలవు కూడా లేదు.

మావ ఆఖరికి అన్నది ఇది. "నా మీద దండగ సేయకండి. ఆ డబ్బులు పిల్లల ఫీజులకి పంపండి." ఫోన్ పెట్టేశాక గదిలో పెద్ద వాదన. ముగ్గురు అన్నారు, మావ చెప్పింది నిజమే, ఆ డబ్బు ఆయన మందులకే ఇద్దామని. నలుగురు అన్నారు, మందులకి ఎలాగూ ఇస్తాం, ఇవ్వాలి కూడా, కానీ మందు మనిషిని పడుకోబెడుతుంది, జీపు లేపి నిలబెడుతుందని. మిగతావాళ్లం రెండు పక్కలా తలూపాం.

మాలో పెద్దవాడికి 49. ఇక్కడ వర్క్ పర్మిట్ వయసు హద్దు 60 ఉండేది, 2025 జూలై నుంచి 63 చేశారు. మూడేళ్లు పెరిగింది అని సంతోషపడాలో, నడుము ఒప్పుకుంటుందో లేదో అని భయపడాలో తెలియలేదు. ఇంజిన్ సిలిండర్ అరిగితే బోరు చేసి 20 సైజు వేస్తారు, మళ్లీ అరిగితే 30, ఆ తర్వాత 40. గోడ మందం ఉన్నంత వరకే. ఆ తర్వాత స్లీవు దించాలి. మా మోకాళ్లు ఇప్పుడు ఏ సైజులో ఉన్నాయో మాకే తెలుసు. కొత్త బ్లాకు మాకు ఎవరూ పోయరు. ఉన్నదాన్నే చూసుకుని నడపాలి.

ఆ రాత్రి తేలింది ఇదీ. కొత్త బ్లాకు వద్దు. పాతదాన్నే బాగు చేయిద్దాం. పోత ఇనుము పగులుని రెండు రకాలుగా కడతారు. ఒకటి, మొత్తం వేడి చేసి నికెల్ రాడ్డుతో వెల్డింగ్, మెల్లగా చల్లార్చడం. రెండోది కుట్టు. పగులు వెంట వరుసగా రంధ్రాలు వేసి, మర పట్టించి, స్క్రూ పిన్నులు ఒకదాన్లో ఒకటి దిగేలా బిగిస్తారు. వేడి ఉండదు కాబట్టి వంకర పోదు. మా ముగ్గురు వెల్డర్లూ వెల్డింగ్ వద్దన్నారు. తమ పనిని తామే వద్దన్నారంటే నమ్మాల్సిందే.

మా వాళ్ల తమ్ముడొకడు బ్లాకుని కొబ్బరికాయల లారీలో గాజువాక ఆటోనగర్‌కి చేర్చాడు. ముందు పగులు ఎంతదాకా ఉందో చూశారు, నీళ్ల ఒత్తిడి పెట్టారు, గోడ మందం కొలిచారు. మూడో సిలిండర్ గోడ ఒక పక్క పలచన. ఎనభై ఏళ్ల కింద ఏ ఫౌండ్రీలోనో కోర్ కాస్త జరిగింది, అంతే. మావకి చెబితే, "నాకు ఎప్పుడూ ఆ మూడో దాని మీదే అనుమానం" అన్నాడు. గొంతులో పాత మావ వినిపించాడు. పగులుకి కుట్టు, మూడో దానికి స్లీవు, మిగతా మూడూ 30 సైజు. మొత్తం 41 వేలు చెప్పారు. తలా కొంత వేశాం. మిగిలింది మావ ఆసుపత్రికి వెళ్లే ఆటోకి మూడు నెలలకి ముందే కట్టేశాం. వాదించుకున్న రెండు పక్షాలకీ అలా సరిపోయింది.

బ్లాకు మీద నంబరు అలాగే ఉంచమని మావ మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాడట. గ్రైండర్ ఆ పక్కకి పోకుండా టేపు అంటించారట. పోయిన గురువారం బ్లాకు ఊరికి చేరింది. డయాలసిస్ లేని రోజుల్లో మావ షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. స్పానర్ పట్టుకునే బలం లేదు. ఇంటర్ తప్పిన ఇద్దరు కుర్రాళ్లు నట్లు తిప్పుతున్నారు, మావ కూర్చుని చెబుతున్నాడు. ఫోటోలో చూశాం. ఒకడు వాల్వు స్ప్రింగు తలకిందులుగా పెట్టబోతుంటే మావ వేలు చూపిస్తున్నాడు.

అమెరికా వాళ్లు కొత్త బ్లాకు పోసుకుంటున్నారంటే మాకు గౌరవమే. డబ్బున్న పిచ్చి అని అనుకోవడం లేదు. ఆ పని తెలిసినవాళ్లు పోయేలోపు ఆ పనిని మళ్లీ ఒకసారి ఇనుములో రాసిపెట్టుకుంటున్నారు. మా దగ్గర అంత ఇనుము లేదు. మావ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు.

చివరగా ఒక సాయం. ఎల్-134కి హెడ్ గాస్కెట్, మూడో సిలిండర్‌కి ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకటి కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్‌లో గానీ, ఒడిశా బోర్డరు వైపు గానీ పాత జీపు సామాన్లు ఉన్నవాళ్లు తెలిస్తే కామెంట్లో పెట్టండి. ధర చెప్పండి, బేరం మావే ఆడతాడు. జాగ్రత్త, ఆయనకి అసలు ధర తెలుసు.